ఇంజినీరింగ్‌కి ఏ క్యాలిక్యులేటర్ కొనాలి: గ్రాఫింగ్‌దా, సైంటిఫిక్‌దా?

ఈఏపీసెట్‌లో క్యాలిక్యులేటర్ లేదు, జేఈఈ మెయిన్‌లోనూ లేదు. అన్నాళ్లూ చేతి లెక్కలతో నెట్టుకొచ్చిన పిల్లలు బీటెక్‌లో చేరాకే తొలిసారి క్యాలిక్యులేటర్ కొనడానికి బయల్దేరతారు. అమెరికాలో ఉన్న బంధువులు సమీకరణానికి గ్రాఫ్ తెరమీదే గీసి చూపే గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ పంపిస్తామంటారు. యూట్యూబ్‌లో ఇంజినీరింగ్ విద్యార్థికి ఉండాల్సిన వస్తువుల జాబితాలో రంగుల తెర ఉన్న టీఐ-84 (టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్) కనిపిస్తుంది. దాని ధర మామూలు సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌కి అనేక రెట్లు. కాబట్టి ఆర్డర్ పెట్టేముందు కాస్త ఆగి చూడాలి.

చూడాల్సింది క్యాలిక్యులేటర్ ఏమేం చేయగలదన్నది కాదు. పరీక్ష హాల్లోకి దాన్ని రానిస్తారా లేదా అన్నది ముందు తేలాలి. ఇంట్లో లెక్కకి ల్యాప్‌టాప్ ఉంది, ఫోన్ ఉంది. గ్రాఫ్ గీయడానికి డెస్మోస్, జియోజీబ్రా ఉచితంగా దొరుకుతాయి. పెద్ద మాట్రిక్స్‌లకి ఆక్టేవ్, పైథాన్ ఉన్నాయి. చేతిలో పట్టుకునే క్యాలిక్యులేటర్‌తో అసలు పని పడేది మిడ్ పరీక్షల్లో, సెమిస్టర్ పరీక్షల్లో, ల్యాబ్‌లో. మన దగ్గర సెమిస్టర్ పరీక్షల్లో సాధారణంగా ఒప్పుకునేది ప్రోగ్రామ్ రాయడానికి వీల్లేని సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌నే. గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్లు దాదాపు అన్నీ ప్రోగ్రామ్ రాసుకోగలిగేవే. ఇన్విజిలేటర్ దాన్ని బల్లమీద చూసి తీసేసుకుంటే ఆ మూడు గంటలూ ఖాళీ చేతులతో రాయాలి.

విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, గీతం లాంటి డీమ్డ్ యూనివర్సిటీ ఉంది, స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలు చాలా ఉన్నాయి. ఎవరి పరీక్షలు వాళ్లవి, ఎవరి నిబంధనలు వాళ్లవి. హాల్‌టికెట్ వెనకా, జవాబు పత్రం మొదటి పేజీలోనూ సూచనలు ఉంటాయి, వాటిని చదవండి. అప్పటికీ అనుమానం తీరకపోతే పరీక్షల విభాగానికి వెళ్లి మోడల్ పేరు చెప్పి అడగండి. సీనియర్లు ఏమీ అనరు అన్నారని ధైర్యం చేయకండి. సీనియర్‌ని వదిలేసిన ఇన్విజిలేటర్ మిమ్మల్ని కూడా వదిలేస్తారన్న నమ్మకం ఏముంది?

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ప్రోగ్రామబుల్ అంటే గ్రాఫ్ తెర ఉన్నదని మాత్రమే అనుకుంటారు. క్యాసియోలోనే ఎఫ్‌ఎక్స్-50ఎఫ్, ఎఫ్‌ఎక్స్-3650పి, ఎఫ్‌ఎక్స్-5800పి లాంటివి ఉన్నాయి. వాటికి గ్రాఫ్ లేదు, పైకి మామూలు సైంటిఫిక్‌లాగే కనిపిస్తాయి, కానీ ప్రోగ్రామ్‌లు దాచుకుంటాయి. సర్వేయింగ్ పని చేసేవాళ్ల దగ్గర 5800పి తరచుగా కనిపిస్తుంది. ఇంట్లో ఎవరో వాడి పక్కన పెట్టిన మంచి క్యాలిక్యులేటర్ మీ చేతికొస్తే ముందు మోడల్ పేరు చూడండి. చివర పి గానీ, 50 తర్వాత ఎఫ్ గానీ ఉంటే పరీక్షకి పనికిరాదు.

తర్వాతి పరీక్షల సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. గేట్‌లో 2016 నుంచి సొంత క్యాలిక్యులేటర్‌కి చోటు లేదు, తెరమీద కనిపించే వర్చువల్ క్యాలిక్యులేటర్‌తోనే చేయాలి. యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్‌లో ప్రిలిమ్స్‌కి క్యాలిక్యులేటర్ లేదు, మెయిన్స్ వ్యాసరూప పేపర్లకి ప్రోగ్రామ్ లేనిదాన్ని ఒప్పుకుంటారు. అమెరికా వెళ్లి అక్కడ ప్రొఫెషనల్ ఇంజినీర్ లైసెన్స్ తెచ్చుకోవాలనుకునేవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఆ దారిలో మొదటి మెట్టు ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజినీరింగ్ (ఎఫ్‌ఈ) పరీక్ష. దాన్ని నడిపే సంస్థ ఒప్పుకునే జాబితాలో క్యాసియో ఎఫ్‌ఎక్స్-115, ఎఫ్‌ఎక్స్-991 వరసలు, టీఐ-30ఎక్స్, టీఐ-36ఎక్స్ వరసలు, హెచ్‌పీ 33ఎస్, 35ఎస్ ఉన్నాయి. గ్రాఫింగ్‌వి లేవు. అంటే గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ పుట్టిల్లు అనుకునే దేశంలో కూడా ఇంజినీరు లైసెన్స్ పరీక్షకి పనికొచ్చేది మన ద్వారకానగర్ షాపులో దొరికే 991.

అందుకని నూటికి తొంభైమందికి జవాబు 991 వరసలోనే ఉంది. అందులో ఏది అన్నదే అసలు ప్రశ్న.

991లో ఏది?

ఎఫ్‌ఎక్స్-82ఎంఎస్ చవక. కానీ దాంట్లో కాంప్లెక్స్ సంఖ్యలు లేవు, మాట్రిక్స్ లేదు, ఇంటిగ్రేషన్ లేదు. డిగ్రీ చదువుకి సరిపోతుంది, బీటెక్‌కి చాలదు. ఎఫ్‌ఎక్స్-100ఎంఎస్ దానికన్నా మెరుగు, కానీ దానికి పెట్టే డబ్బుకి ఇంకొంచెం కలిపితే 991 వస్తుంది. ఈ రెండింటినీ పక్కన పెట్టేయండి.

ఎఫ్‌ఎక్స్-991ఎంఎస్‌లో రెండు వరసల తెర, 401 ఫంక్షన్లు. ఇంజినీరింగ్‌కి కావలసినవి అన్నీ దాదాపుగా ఉన్నాయి. లోపమల్లా తెరది. భిన్నాలు, వర్గమూలాలు పుస్తకంలో ఉన్నట్టు కనిపించవు, అంతా ఒకే గీతమీద వస్తుంది. పొడవైన లెక్కలో ఎక్కడ బ్రాకెట్ మరిచిపోయారో కనిపెట్టడం కష్టం. మార్కులు పోయేది ఎక్కువగా అక్కడే.

ఎఫ్‌ఎక్స్-991ఈఎస్ ప్లస్‌లో 417 ఫంక్షన్లు. భిన్నం భిన్నంలాగే, మూలం మూలంలాగే కనిపిస్తుంది. మూడు తెలియని రాశుల సమీకరణాలు, 3×3 మాట్రిక్స్, కాంప్లెక్స్, టేబుల్, బైనరీ, హెక్సా లాంటి సంఖ్యాపద్ధతులు అన్నీ ఉన్నాయి. క్లాసులో ఎక్కువమంది దగ్గర ఇదే ఉంటుంది. అదీ ఒక సౌకర్యమే, ఎక్కడైనా ఆగిపోతే పక్కవాళ్లు చెప్పగలరు. సివిల్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్ వాళ్లకి ఇది చాలు.

ఎఫ్‌ఎక్స్-991ఈఎక్స్ అంటే క్లాస్‌విజ్. 552 ఫంక్షన్లు, తెర చుక్కలు బాగా దగ్గరగా ఉంటాయి. నాలుగు తెలియని రాశుల సమీకరణాలు, నాలుగో ఘాతం దాకా బహుపదులు, 4×4 మాట్రిక్స్, ఐదు నిలువు వరసలూ 45 అడ్డు వరసలూ ఉన్న చిన్న స్ప్రెడ్‌షీట్ ఉన్నాయి. దీని స్థానంలో క్యాసియో ఎఫ్‌ఎక్స్-991సీడబ్ల్యూ తెచ్చింది. శక్తిలో సీడబ్ల్యూ తక్కువేం కాదు, కానీ బటన్ల అమరిక పూర్తిగా మారిపోయింది. ఇంటిగ్రల్‌కి విడిగా బటన్ లేదు, క్యాటలాగ్‌లోకి వెళ్లి వెతకాలి. భిన్నాన్ని దశాంశంలోకి మార్చే పాత బటన్ పోయి ఫార్మాట్ అనే బటన్ వచ్చింది. సమానం గుర్తుకి బదులు ఈఎక్స్‌ఈ అని ఉంటుంది. మొదటి నుంచి దానిమీదే నేర్చుకునేవాళ్లకి ఇబ్బంది లేదు. పాత 991 చేతికి అలవాటైనవాళ్లు మూడో సంవత్సరంలో దీనికి మారితే పరీక్షలో తడబడతారు. మా సలహా ఇది: ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, స్ట్రక్చర్స్ మీద ఆసక్తి ఉన్న సివిల్ విద్యార్థులు ఈఎక్స్ దొరికితే ఈఎక్స్, లేకపోతే సీడబ్ల్యూ తీసుకోండి. మిగతావాళ్లు ఈఎస్ ప్లస్ తీసుకుని మిగిలిన డబ్బుతో మంచి డేటా బుక్ కొనుక్కోండి.

నాలుగు రాశులు ఎందుకంత ముఖ్యం?

ఎలక్ట్రికల్ వాళ్లకి ఇది బాగా అర్థం కావాలి. ఏసీ సర్క్యూట్‌లో మెష్ పద్ధతి (ఒక్కో వలయానికి ఒక్కో కరెంటు అనుకుని సమీకరణాలు రాయడం) వేస్తే సమీకరణాల్లో గుణకాలు కాంప్లెక్స్ సంఖ్యలుగా వస్తాయి. 991 వరసలో ఏదీ సమీకరణాల మోడ్‌లో కాంప్లెక్స్ గుణకాలు తీసుకోదు. మాట్రిక్స్ మోడ్‌లో కూడా తీసుకోదు. ఇంకో విషయం, ఎంతో ఖరీదైన టీఐ-84 ప్లస్ కూడా మాట్రిక్స్‌లో కాంప్లెక్స్ తీసుకోదు. హెచ్‌పీ ప్రైమ్, టీఐ-ఎన్‌స్పైర్ సీఏఎస్ లాంటివి మాత్రమే ఆ పని చేస్తాయి, వాటిని హాల్లోకి రానివ్వరు.

అయితే ఈఎక్స్‌తో దీన్ని దాటే దారి ఉంది. రెండు కాంప్లెక్స్ సమీకరణాలంటే నాలుగు వాస్తవ సమీకరణాలే. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇందులో జె అంటే −1 వర్గమూలం; ఐ1, ఐ2 మెష్ కరెంట్లు.

(4 + 3జె) ఐ1 − 3జె ఐ2 = 10
−3జె ఐ1 + (2 + జె) ఐ2 = 0

ఐ1 = ఎ + జెబి, ఐ2 = సి + జెడి అనుకోండి. ప్రతి సమీకరణంలోనూ వాస్తవ భాగాన్ని ఒకవైపు, జె ఉన్న భాగాన్ని ఒకవైపు విడదీయండి. ఎ, బి, సి, డి గుణకాలూ, చివర కుడివైపు విలువా ఇలా వస్తాయి:

4, −3, 0, 3, 10
3, 4, −3, 0, 0
0, 3, 2, −1, 0
−3, 0, 1, 2, 0

సమీకరణాల మోడ్‌లో నాలుగు రాశులు ఎంచుకుని ఈ ఇరవై అంకెలూ ఎక్కించండి. ఎ = 1.2838, బి = −0.2027, సి = 1.0135, డి = 1.4189 వస్తాయి. అంటే ఐ1 సుమారు 1.30 ఆంపియర్లు, కోణం −8.97 డిగ్రీలు. గుర్తుల దగ్గరే తప్పు జరుగుతుంది. జెని జెతో గుణిస్తే మైనస్ 1 అన్నది విడదీసేటప్పుడు మరిచిపోతే పై వరసలో చివరి 3 కాస్తా −3 అయిపోతుంది, జవాబు మొత్తం మారిపోతుంది. అందుకే జవాబు రాగానే మొదటి సమీకరణంలో వేసి 10 వస్తోందో లేదో చూసుకోవాలి.

ఈఎస్ ప్లస్ ఉన్నవాళ్లు కాంప్లెక్స్ మోడ్‌లోకి వెళ్లి నాలుగు గుణకాలనీ ఎ, బి, సి, డి మెమరీల్లో దాచుకుని క్రామర్ పద్ధతి వేయొచ్చు. ఈ ఎ, బి, సి, డి గుణకాలే, పైన అనుకున్న తెలియని రాశులు కావు. పై ఉదాహరణలో ఎడి − బిసి విలువ 14 + 10జె వస్తుంది. ఐ1 కావాలంటే 10ని (2 + జె)తో గుణించి దాంతో భాగించాలి. రెండు మెష్‌ల దాకా ఇది చాలు. మూడు మెష్‌లైతే ఏ 991తోనూ ఒక్క దెబ్బకి కాదు, ఒక రాశిని చేత్తో తొలగించి రెండుకి తేవాలి.

స్ట్రక్చర్స్‌లో బీమ్ ముక్క స్టిఫ్‌నెస్ మాట్రిక్స్ 4×4. అది ఎక్కించి వెంటనే గుణించుకోవాలంటే ఈఎక్స్ కావాలి. ఈఎస్ ప్లస్‌తో అయితే ఆధారాల దగ్గర కదలని వరసల్ని ముందే కొట్టేసి, మిగిలిన చిన్న మాట్రిక్స్‌తో చేయాలి. పరీక్షల్లో వచ్చే లెక్కలు చాలావరకు అలా 2×2కో, 3×3కో దిగుతాయి.

మిగతా బ్రాంచిలకి పనికొచ్చే కిటుకులు

ఏయూలో నేవల్ ఆర్కిటెక్చర్ చదివేవాళ్లకి సింప్సన్ సూత్రంతో రోజూ పనే. ఓడ వాటర్‌ప్లేన్ వైశాల్యం కనుక్కోవాలంటే ఇచ్చేది సూత్రం కాదు, కొన్ని అర్ధ వెడల్పుల పట్టిక. ఇంటిగ్రల్ బటన్ దానికి పనిచేయదు. స్టాట్ మోడ్‌లో, సెటప్‌లో ఫ్రీక్వెన్సీ ఆన్ చేసుకోండి. ఎక్స్ వరసలో అర్ధ వెడల్పులు, ఫ్రీక్వెన్సీ వరసలో 1, 4, 2, 4, 1 గుణకాలు ఎక్కించండి. 10 మీటర్లకొకటి చొప్పున తీసుకున్న అర్ధ వెడల్పులు 0, 3.2, 4.5, 3.8, 0.6 మీటర్లు అనుకుంటే ఎక్స్‌ల మొత్తం 37.6 అని చూపిస్తుంది. దాన్ని 10తో గుణించి 3తో భాగించి, రెండు పక్కలకీ కలిపి 2తో గుణిస్తే 250.67 చదరపు మీటర్లు. విడివిడిగా గుణించి కూడుకుంటే ఎక్కడో ఒక 4 జారిపోతుంది, ఇలా చేస్తే పట్టిక తెరమీదే ఉంటుంది, మళ్లీ సరిచూసుకోవచ్చు.

మెకానికల్ వాళ్లకి స్టీమ్ టేబుల్స్‌లో రెండు విలువల మధ్యది కావలసివస్తుంది. దానికీ స్టాట్ మోడే. సరళరేఖ రిగ్రెషన్ ఎంచుకుని రెండే బిందువులు ఇవ్వండి. 100 డిగ్రీల దగ్గర సంతృప్త ఆవిరి ఎంథాల్పీ కిలోకి 2675.6 కిలోజౌళ్లు, 110 డిగ్రీల దగ్గర 2691.1. ఇప్పుడు 104 టైప్ చేసి రిగ్రెషన్ మెనూలో వై టోపీ గుర్తు ఎంచుకుంటే 2681.8 వస్తుంది. అదే ఉష్ణోగ్రత దగ్గర పది విలువలు కావలసివచ్చినా వై వరస మార్చుకుంటే చాలు.

ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో కోల్‌బ్రూక్ సమీకరణం (గొట్టంలో ప్రవాహానికి ఘర్షణ గుణకం ఇచ్చేది) లాంటివి చేత్తో విడదీయలేం. వాటికి సాల్వ్ ఉంది. ఈఎస్ ప్లస్, ఈఎక్స్‌లలో సమీకరణం మధ్యలో సమానం గుర్తు ఆల్ఫా నొక్కి క్యాల్క్ నొక్కితే వస్తుంది. తర్వాత షిఫ్ట్, క్యాల్క్. అప్పుడు మొదటి అంచనా అడుగుతుంది. రెనాల్డ్స్ సంఖ్య లక్ష, సాపేక్ష గరుకుతనం 0.0002 అయితే అంచనాగా 0.02 ఇవ్వండి, ఘర్షణ గుణకం 0.0190 వస్తుంది. సున్నా ఇస్తే మ్యాథ్ ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే వర్గమూలం హారంలో ఉంది. ఒకటి కంటే ఎక్కువ మూలాలున్న సమీకరణంలో సాల్వ్ మీ అంచనాకి దగ్గరున్న మూలాన్ని సాధారణంగా పట్టుకుంటుంది, కావలసిన మూలం అదే అవ్వాలని లేదు. ముందు టేబుల్ వేసి గుర్తు ఎక్కడ మారుతోందో చూసుకుని ఆ చోటుని అంచనాగా ఇస్తే మోసం ఉండదు.

గ్రాఫ్ లేదన్న లోటు చాలావరకు తీర్చేది ఆ టేబులే. 6 మీటర్ల బీమ్ మీద మీటరుకి 10 కిలోన్యూటన్ల భారం ఉంటే వంపు మూమెంట్ 30ఎక్స్ − 5ఎక్స్². ఈఎస్ ప్లస్‌లో మోడ్ 7 నొక్కి ఇది టైప్ చేసి మొదలు 0, చివర 6, అడుగు 0.5 ఇస్తే పదమూడు విలువలు ఒకేసారి వస్తాయి. మధ్యలో 45 గరిష్ఠం. వాటిని గ్రాఫ్ షీట్ మీద పెట్టి గీయడమే, పరీక్షలో ఎలాగూ గీయాల్సింది మీ చెయ్యే. ఈఎస్ ప్లస్ ముప్పై వరసల దాకా, ఈఎక్స్ 45 దాకా ఇస్తుంది. అంతకు మించి అడిగితే ఎర్రర్ వస్తుంది, అప్పుడు అడుగు పెంచండి.

కంప్యూటర్ సైన్స్ వాళ్లకి బేస్-ఎన్ మోడ్ చాలు. బైనరీ, హెక్సా, ఎక్స్‌ఓఆర్ అన్నీ ఉంటాయి. టీఐ-84లో ఈ మోడ్ అసలు లేదు, అది కూడా తెలుసుకోవాల్సిన మాటే.

గ్రాఫింగ్ నిజంగా ఎవరికి?

1985లో తొలి గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ క్యాసియో ఎఫ్‌ఎక్స్-7000జీ వచ్చినప్పుడు విద్యార్థి చేతిలో ఇంకో తెర లేదు. ఇప్పుడు ఉంది. అయినా కొందరికి ఇది కావలసిందే. ఐబీ బోర్డు స్కూల్లో గణితం చదివేవాళ్లకి తప్పదు. అమెరికాలో అండర్‌గ్రాడ్యుయేషన్‌కి వెళ్లేవాళ్లకి మొదటి సంవత్సరం గణితం క్లాసుల్లో టీఐ-84 మీదే పాఠం చెప్పే చోట్లు ఉన్నాయి. వాళ్లు కూడా ఇక్కడ కొనకుండా అక్కడి సిలబస్ కాగితం చేతికొచ్చాక కొనడం మంచిది. ఎంఎస్‌కి వెళ్లేవాళ్లకి దీంతో పనిపడటం అరుదు, అక్కడ పనంతా కంప్యూటర్ మీదే.

కొనాలని తేల్చుకుంటే, మొదట సీఏఎస్ కావాలా వద్దా నిర్ణయించుకోండి. సీఏఎస్ ఉన్నది అక్షరాలతోనే అవకలనం, సమాకలనం చేసి సూత్రం ఇస్తుంది, లేనిది సంఖ్య మాత్రమే ఇస్తుంది. సీఏఎస్ ఉన్నవాటిని చాలా పరీక్షల్లో నిషేధిస్తారు, గ్రాఫింగ్ ఒప్పుకునే పరీక్షల్లో కూడా. తర్వాత కరెంటు సంగతి. క్యాసియో ఎఫ్‌ఎక్స్-సీజీ50కి నాలుగు ఏఏఏ సెల్స్, ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. టీఐ-84 ప్లస్ సీఈకి లోపలే చార్జింగ్ బ్యాటరీ, రాత్రి చార్జింగ్ పెట్టడం మరిచిపోతే పొద్దున పరీక్షలో ఖాళీ. తెర విషయంలో సీజీ50కి 384×216 చుక్కలు, సీఈకి 320×240. ఈ తేడా కంటికి పెద్దగా తెలియదు, దానికోసం ఎక్కువ డబ్బు పెట్టకండి.

షాపులో చేయాల్సిన పరీక్షలు

ద్వారకానగర్, డాబాగార్డెన్స్, గాజువాక షాపుల్లో 991లు సులువుగా దొరుకుతాయి. నకిలీలు కూడా తిరుగుతుంటాయి. మోడల్ పేరు ఒక అక్షరం తేడాతో ఉంటుంది, వెనక సీరియల్ నంబరు ఉండదు లేదా తుడిస్తే పోతుంది, అక్షరాలు బటన్ మీద సిరాతో అద్దినట్టు ఉంటాయి. ముద్ర వేసిన వారంటీ కార్డు, బిల్లు అడగండి. ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకోండి.

చేతికి తీసుకోగానే ఈ లెక్కలు వేయండి. డిగ్రీ మోడ్‌లో సైన్ 30 వేస్తే 0.5 రావాలి. రేడియన్‌కి మార్చి అదే వేస్తే −0.988. తర్వాత రేడియన్‌లోనే సున్నా నుంచి π దాకా సైన్ ఎక్స్ ఇంటిగ్రల్ వేయండి, 2 రావాలి. కాంప్లెక్స్ మోడ్‌లో 3 + 4ఐ వేసి పోలార్ రూపానికి మార్చండి, 5, కోణం 53.13 డిగ్రీలు. స్నేహితుల దగ్గర అదే మోడల్ ఉంటే తీసుకెళ్లండి. డిగ్రీల్లో 9కి సైన్, దానికి కాస్, దానికి టాన్ వేసి, తిరిగి టాన్ విలోమం, కాస్ విలోమం, సైన్ విలోమం వరసగా వేయండి. 9కి చాలా దగ్గర సంఖ్య వస్తుంది. ఒకే మోడల్ రెండింటిలో చివరి అంకెలు కూడా కలవాలి. కలవకపోతే లోపలి చిప్ వేరు, అలాంటిది కొనకండి.

సీనియర్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొనడం తప్పేం కాదు. ప్రతి బటన్ నొక్కి చూడండి, ముఖ్యంగా సమానం, డెల్, షిఫ్ట్. అవే ముందు అరిగేవి. ఒకసారి నొక్కితే రెండు అంకెలు పడుతుంటే లోపల రబ్బరు పొర పాడైందని అర్థం. తెర మూలల్లో నల్ల మరకలుంటే అవి పెరుగుతాయే కానీ తగ్గవు.

మార్కులు పోయే చోట్లు

కొన్న రోజే ఈఎస్ ప్లస్, ఈఎక్స్‌లలో షిఫ్ట్ 9, తర్వాత 3, సమానం నొక్కితే అంతా మొదటి స్థితికి వస్తుంది, డిగ్రీ మోడ్‌లో ఉంటుంది. పరీక్షకి ముందు రోజు కూడా ఇదే చేయండి. రేడియన్ కావాలంటే ఈఎస్ ప్లస్‌లో షిఫ్ట్, మోడ్, 4. ఈఎక్స్‌లో షిఫ్ట్, మెనూ, 2, 2. తెరపైన చిన్న డి, ఆర్, జి అక్షరం ఏదుందో ప్రతి లెక్క ముందూ చూడండి. గ్రాడియన్‌లో ఉండిపోతే సైన్ 30కి 0.454 వస్తుంది, చూడటానికి నమ్మదగ్గట్టే ఉంటుంది, అదే ప్రమాదం. ఇందాకటి ఇంటిగ్రల్‌నే డిగ్రీ మోడ్‌లో వేస్తే 2కి బదులు 0.0861 వస్తుంది. కాలిక్యులస్‌కి ఎప్పుడూ రేడియన్.

గుణకారం గుర్తు వదిలేసే అలవాటు మానుకోండి. 6 ÷ 2(1+2) అని కొడితే ఈఎక్స్ తనే బ్రాకెట్ పెట్టుకుని 1 అంటుంది, టీఐ-84 అయితే 9 అంటుంది. రెండూ తమ నియమం ప్రకారం సరిగ్గానే చేశాయి. హారంలో రెండు రాశులుంటే భిన్నం బటన్ వాడండి, లేదా హారం మొత్తానికి బ్రాకెట్ పెట్టండి. మైనస్ 3కి వర్గం కావాలంటే మైనస్ 3ని బ్రాకెట్‌లో పెట్టాలి, లేకపోతే −9 వస్తుంది.

చిన్న సంఖ్యల్ని చూసి బెదిరిపోకండి. సెటప్‌లో నార్మ్ 1 అనే అమరికలో 0.01 కంటే చిన్నవి ఘాత రూపంలో వస్తాయి. నార్మ్ 2కి మార్చుకుంటే 0.005 అలాగే కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఈఎన్‌జీ బటన్ అలవాటు చేసుకుంటే మిల్లీ, మైక్రో, నానో తడబాటు పోతుంది, ఘాతం ఎప్పుడూ మూడు గుణిజాల్లోనే వస్తుంది.

గేట్ రాయాలనుకునేవాళ్లు మూడో సంవత్సరం నుంచే వర్చువల్ క్యాలిక్యులేటర్ మీద సాధన మొదలుపెట్టాలి. అందులో సాల్వ్ లేదు, మాట్రిక్స్ లేదు, ఇంటిగ్రల్ లేదు. సైన్ 30 కావాలంటే ముందు 30, తర్వాత సైన్ నొక్కాలి. కీబోర్డు పనిచేయదు, అన్నీ మౌస్‌తోనే. 991 మీద వేళ్లు ఎంత వేగంగా ఆడినా అక్కడ ఆ వేగం రాదు, అందుకని మెమరీ బటన్లు వాడటం విడిగా నేర్చుకోవాలి.

సముద్రం పక్కన జాగ్రత్త

బీచ్ రోడ్డు, రుషికొండ వైపు హాస్టళ్లలో ఉప్పు గాలి ఎక్కువ. ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది, బ్యాటరీ దగ్గరున్న లోహపు పట్టీకి తుప్పు పడుతుంది. మూత వేయకుండా కిటికీ దగ్గర వదిలేయకండి. కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి క్యాలిక్యులేటర్ సంచిలో వేయండి.

ఈఎస్ ప్లస్, ఈఎక్స్‌లలో ఉండేది ఎల్ఆర్44 బటన్ సెల్. పైన సోలార్ పట్టీ ఉంది కదా అని సెల్ అక్కర్లేదనుకోవద్దు, వెలుతురు తగ్గినప్పుడూ, మెమరీ నిలవడానికీ సెల్లే ఆధారం. నీడలో తెర మసకబారినా, ఆన్ చేసినప్పుడు దాచిన మెమరీ పోయినా సెల్ అయిపోవచ్చిందని అర్థం. బాగానే ఉన్నా రెండేళ్లకోసారి మార్చేయండి, పాత సెల్ లోపల కారితే సర్క్యూట్‌నే తినేస్తుంది. వెనక చిన్న స్టార్ స్క్రూడ్రైవర్‌తో విప్పి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్త సెల్ పెట్టండి. వేలి చెమట అంటకుండా పొడి గుడ్డతో తుడిచి పెట్టాలి. మూత బిగించాక మళ్లీ షిఫ్ట్ 9, 3, సమానం నొక్కి, సైన్ 30 వేసి చూసుకోండి. ఈ పని సెమిస్టర్ పరీక్షలకి కనీసం వారం ముందే చేయండి.